కొలనోస్కోపీ తర్వాత కడుపు ఎప్పటికి కుదుటపడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) ముందురోజు రాత్రి బాత్రూమ్‌లో ఎన్నిసార్లు కూర్చోవాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. పరీక్ష అయి ఇంటికొచ్చాక కడుపు ఏం చేస్తుందో, ఎన్నాళ్లు చేస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. డిశ్చార్జి కాగితంలో నాలుగు లైన్లుంటాయి. అది కూడా మనం సగం మత్తులో ఉన్నప్పుడు చేతిలో పెడతారు.

నేను ఈ పరీక్ష రెండుసార్లు చేయించుకున్నాను. మొదటిసారి లోపల చూసి, ఏమీ లేదని పంపేశారు. రెండోసారి ఒక పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) తీశారు. రెండుసార్లూ కోలుకున్న తీరు ఒకటి కాదు. కాబట్టి కింద చదివే ముందు మీ రిపోర్టులో ఒక్క విషయం చూసుకోండి: ఏమైనా కత్తిరించి తీశారా, ఊరికే చూసి వదిలేశారా? ఇక్కడి జవాబుల్లో సగం దాన్నిబట్టే మారతాయి. మీ డాక్టరు మీకంటూ ఏదైనా ప్రత్యేకంగా చెప్పి ఉంటే, ఇక్కడ రాసినదానికన్నా అదే లెక్క.

అసలు నా కడుపుకి ఏం జరిగింది? పరీక్షేగా, ఇంత నీరసం దేనికి?

రెండు పనులు జరిగాయి. మొదట పేగును పూర్తిగా ఖాళీ చేశారు, తర్వాత దాన్ని గాలితో సాగదీశారు.

ఖాళీ చేయడానికి ఎక్కువగా వాడేది పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి. దాన్ని 2 నుంచి 4 లీటర్ల నీళ్లలో కలిపి తాగిస్తారు. అది ఒంట్లోకి ఇంకదు. తనతోపాటు నీళ్లను పట్టుకుని పేగు పొడవునా జారిపోతూ దారిలో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. మామూలు రోజుల్లో మనం తాగేదీ, జీర్ణరసాలూ కలిపి రోజుకి 8, 9 లీటర్ల ద్రవం పేగుల్లోకి వస్తుంది. అందులో మలంతో బయటికి పోయేది 100, 200 మిల్లీలీటర్లే. మిగతాదంతా పేగు తిరిగి పీల్చుకుంటుంది. ఆ పీల్చుకునే పనిని ఒక రాత్రి మొత్తం అడ్డుకున్నామన్నమాట. దానికితోడు ఉపవాసం, నిద్రలేమి, టెన్షన్. నీరసం రాకపోతేనే ఆశ్చర్యం.

సాగదీయడం ఎందుకంటే, ఖాళీ అయిన పెద్దపేగు గాలి తీసేసిన బెలూన్‌లా ముడుచుకుని ఉంటుంది. దాదాపు మీటరున్నర పొడవున్న ఆ గొట్టం గోడల్ని కెమెరాతో చూడాలంటే గాలి నింపి విప్పాల్సిందే. ఇక్కడొక విచిత్రం ఉంది. పేగు లోపలి పొరకి కోసినా నొప్పి తెలియదు. సాగదీస్తే మాత్రం బాగా తెలుస్తుంది. పాలిప్ తీయించుకున్నవాళ్లు కూడా "కోసిన చోట నొప్పి లేదు, గ్యాస్ నొప్పే చంపేస్తోంది" అనడం అందుకే.

కడుపు ఉబ్బరంగా, బిగుతుగా ఉంది. ఈ గాలి ఎప్పుడు పోతుంది?

చాలామందికి కొన్ని గంటల్లో, కొందరికి మర్నాటికి. ఏ గాలి నింపారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల కార్బన్ డయాక్సైడ్ వాడుతున్నారు. అది పేగు గోడలోంచి రక్తంలోకి ఇంకి, ఊపిరితిత్తుల్లోంచి శ్వాసతో బయటికి పోతుంది. గంట గడిచేసరికి పొట్ట తేలికపడుతుంది. మామూలు గాలి నింపితే అందులో ఎక్కువ భాగం నైట్రోజనే. అది రక్తంలోకి చాలా నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి కింది నుంచి పోవడం ఒక్కటే దారి.

పోనివ్వాలి కూడా. రికవరీ గదిలో సిగ్గుపడి బిగబట్టేవాళ్లు చాలామంది. అక్కడి నర్సులు ఎదురుచూసేదే ఆ శబ్దం కోసం. ఇంట్లో అయితే మెల్లగా నడవండి, పడుకోవడం కంటే నడక బాగా పనిచేస్తుంది. పడుకోవాలనిపిస్తే ఎడమవైపు తిరిగి మోకాళ్లు కడుపు దగ్గరికి ముడుచుకోండి, కాసేపయ్యాక రెండోవైపు తిరగండి. గోరువెచ్చటి నీళ్లు గుక్కలుగా తాగండి. వేడినీళ్ల బ్యాగ్ పొట్టమీద పెట్టుకోవచ్చు కానీ మత్తు పూర్తిగా దిగాకే. మత్తులో చర్మం కాలుతున్నా తెలియదు.

గ్యాస్ నొప్పికి ఒక గుర్తుంది. అది ఒకచోట నిలవదు. మెలిపెట్టి వస్తుంది, గాలి పోతే తగ్గుతుంది, ఇంకోచోట మొదలవుతుంది. అలా కాకుండా ఒకేచోట కూర్చుని గంటగంటకీ పెరుగుతుంటే అది వేరే సంగతి. కింద ఆ ప్రశ్న విడిగా ఉంది.

మొదటిసారి ఏం తినాలి?

మత్తు దిగి, నీళ్లు తాగితే వాంతి రాదని నమ్మకం కుదిరాక తినొచ్చు. ఏమీ తీయకపోతే అదే రోజు మామూలు తిండి తినమని చాలామంది డాక్టర్లు చెబుతారు. చెప్పారు కదా అని ఆకలి మీద పడిపోకండి. నేను మొదటిసారి అదే చేశాను. రెండు రోజుల ఆకలి మీద సాయంత్రమే వేయించినవీ మసాలావీ కడుపునిండా లాగించి, రాత్రి రెండింటిదాకా పొట్ట పట్టుకుని హాల్లో పచార్లు చేశాను. ప్రమాదమేమీ జరగలేదు, నిద్ర మాత్రం పోయింది.

మొదటి పూట కొంచెం తినండి. మెత్తగా ఉడికిన తెల్లన్నం, బ్రెడ్, పలచటి సూప్, ఉడికించిన గుడ్డు, ఉడికించిన బంగాళదుంప, అరటిపండు లాంటివి. పీచు తక్కువ, నూనె తక్కువ, నమలడం తేలిక. రెండు మూడు గంటలాగి చూసి, బాగుంటే ఇంకొంచెం. మొదటి రోజు వద్దనుకోవాల్సినవి గ్యాస్ పుట్టించేవి: బీన్స్, శనగలు, క్యాబేజీ, పచ్చి ఉల్లి, సోడా, కూల్‌డ్రింకులు. లోపల ఉన్న గాలి చాలక ఇంకా నింపడమెందుకు?

పాల విషయంలో ఒక మాట. రోజూ పాలు తాగి అరిగించుకునేవాళ్లకి కూడా ఇంతలా విరేచనాలు అయ్యాక ఒకటి రెండు రోజులు పాలు పడకపోవచ్చు. తాగాక కడుపులో గుడగుడలాడితే రెండు రోజులు ఆపండి. పెరుగుతో సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

పథ్యం ఎన్నాళ్లు చేయాలి?

ఊరికే చూసి వదిలితే ఒక్కరోజు చాలు. అది కూడా సుఖం కోసమే. బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో చూడడానికి, చిన్న ముక్క తీసినా దాదాపు ఇంతే. పెద్ద పాలిప్ తీసినప్పుడు కొందరు డాక్టర్లు కొన్ని రోజులపాటు పీచు, గింజలు, తొక్కలు తక్కువగా ఉన్న తిండి తినమంటారు. మీ కాగితంలో అలా రాసి ఉంటే పాటించండి, రాయకపోతే ఫోన్ చేసి అడగండి.

కనపడినవాళ్లందరూ చెప్పే పథ్యాలు నెల రోజులు పట్టుకు కూర్చోవాల్సిన పని లేదు. నాలుగైదు రోజుల తర్వాత పండ్లు, కూరగాయలు, ముడిధాన్యాలు మళ్లీ మొదలుపెట్టకపోతే మలబద్ధకం పట్టుకుంటుంది. అప్పుడు తప్పు పరీక్షది కాదు.

నీళ్లు ఎంత తాగాలి?

మూత్రం రంగు చూడండి. లేత పసుపుకి వచ్చేదాకా తాగుతూ ఉండండి. ముదురుగా ఉన్నా, నిలబడగానే కళ్లు తిరుగుతున్నా, నాలుక పిడచకట్టుకుపోతున్నా ఇంకా చాలలేదని అర్థం. ఉత్త నీళ్లే కాకుండా మొదటి రోజు ఓఆర్‌ఎస్ లాంటిది ఒకటి రెండు గ్లాసులు తాగితే పోయిన ఉప్పులు కూడా తిరిగొస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి నీళ్ల మీద ముందే ఒక హద్దు చెప్పి ఉంటారు, ఆ హద్దు దాటకండి. 24 గంటలు మద్యం ముట్టొద్దు. మత్తుమందు ఇంకా ఒంట్లో ఉంటుంది, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

మూడు రోజులైంది, మోషన్ రాలేదు. మలబద్ధకమా?

ఎక్కువమందిని భయపెట్టే ప్రశ్న ఇదే. భయపడాల్సింది మాత్రం చాలా తక్కువ. లోపల ఏమీ లేనప్పుడు ఏం వస్తుంది? తిన్నది కడుపు, చిన్నపేగు దాటి పెద్దపేగులోకి రావడానికే చాలా గంటలు పడుతుంది. అక్కడ నీరు ఇంకి, గట్టిపడి, చివరికి చేరడానికి మరో రోజు, ఒక్కోసారి రెండు రోజులు. అదీ మామూలు మోతాదులో తిన్నప్పుడు. పరీక్ష అయిన మొదటి రోజు మనం తినేదే కొంచెం, అందులోనూ పీచు లేనిది. అందుకే మొదటి మోషన్ రెండో రోజో మూడో రోజో రావడం మామూలు విషయం. నాలుగైదు రోజులు పట్టినవాళ్లూ ఉంటారు.

ఈలోపు విరేచనాల మాత్ర వేసుకోవాలన్న ఆత్రం వద్దు. నిన్నటిదాకా చేసింది అదే కదా. నీళ్లు, నడక, నెమ్మదిగా పెంచే పీచు, ఇవి చాలు. ముక్కి ముక్కి ప్రయత్నించకండి, ముఖ్యంగా పాలిప్ తీసి ఉంటే, మొలలు ఉంటే. అయిదో రోజు కూడా రాకపోతే, లేదా మోషన్‌తోపాటు గ్యాస్ కూడా పోవడం ఆగి పొట్ట ఉబ్బుతూ వాంతులవుతుంటే, ఎన్నో రోజని లెక్కపెట్టకుండా డాక్టరుకి చెప్పండి.

వచ్చిన మోషన్ వింతగా ఉంది. పసుపుగా, జిగురుగా…

మొదటి ఒకటి రెండుసార్లు అలాగే ఉంటుంది. పల్చగా, ముక్కలుగా, పసుపు నీళ్లతో, కొంచెం తెల్లటి జిగురుతో వస్తుంది. ఆ జిగురు పేగు తన గోడల్ని కాపాడుకోవడానికి ఎప్పుడూ తయారుచేసేదే. మామూలప్పుడు మలంలో కలిసిపోతుంది, ఇప్పుడు కలవడానికి మలం లేదు. నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తే, పాలిప్ అంచులు స్పష్టంగా కనపడడానికి రంగు చల్లి ఉండొచ్చు. ఒక్కోసారి మూత్రానికి కూడా ఆ రంగు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

రక్తం కనిపించింది. ఎంతవరకు ఫర్వాలేదు?

ఇక్కడ మళ్లీ మొదటి ప్రశ్నకే వెళ్లాలి: ఏమైనా తీశారా?

బయాప్సీ చేసినా పాలిప్ తీసినా మొదటి ఒకటి రెండు మోషన్లలో రక్తపు చారలు, తుడుచుకున్న కాగితం మీద ఎర్రటి మరక మామూలే. మొలలున్నవాళ్లకి, అన్నిసార్లు విరేచనాలయ్యాక అవి ఒరుసుకుపోయి ఏమీ తీయకపోయినా కొంచెం రక్తం రావచ్చు. కమోడ్ నీళ్లలో ఒక్క చుక్క పడినా అంతా ఎర్రగా కనిపిస్తుంది, దాంతో గుండె జారిపోతుంది. కాబట్టి నీళ్ల ఎరుపుని కాదు, రక్తం మోతాదుని చూడండి.

ఫర్వాలేదనుకోకూడనివి: రెండు చెంచాలకు మించి రక్తం, గడ్డలు గడ్డలుగా రావడం, మలం లేకుండా రక్తమే రావడం, మళ్లీ మళ్లీ రావడం, తారులా నల్లగా జిగటగా రావడం, రక్తంతోపాటు కళ్లు తిరగడం, చెమటలు, గుండెదడ. వీటిలో ఏది కనిపించినా మర్నాడు చూద్దామనుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మీ బండి మీరే నడుపుకుంటూ మాత్రం వద్దు. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు వాడేవాళ్లకి కూడా మలం నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

అంతా బాగుందనుకున్నాక వారం తర్వాత రక్తం పడుతుందంటారు. నిజమా?

నిజమే. పాలిప్ తీసినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

పాలిప్ మెడకి సన్నటి తీగ ఉచ్చు వేసి కోస్తారు. ఈ పద్ధతిని 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే డాక్టర్లు మొదలుపెట్టారు. అంతకుముందు చాలా పాలిప్‌లకు పొట్ట కోయాల్సి వచ్చేది. తీగలోకి కరెంటు పంపి కాల్చి కోస్తే ఆ చోట మీద ఒక చెక్కు కడుతుంది, మోకాలు చెక్కుకుపోయినప్పుడు కట్టినట్టే. కొన్ని రోజులకు ఆ చెక్కు ఊడుతుంది. కింద గాయం మానకముందే ఊడితే రక్తం పడుతుంది. అందుకే రెండు వారాలు జాగ్రత్తగా ఉండమంటారు. ఇలా జరిగేది కొద్దిమందికే. పాలిప్ పెద్దదైనా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా అవకాశం పెరుగుతుంది. చిన్న పాలిప్‌లను ఇప్పుడు కరెంటు లేకుండానే కోస్తున్నారు, వాటికి ఈ బెడద బాగా తక్కువ.

గాయం మీద చిన్న లోహపు క్లిప్పులు పెట్టారని రాసి ఉంటే కంగారుపడకండి. కొన్ని వారాల్లో వాటంతటవే ఊడి మలంతో పోతాయి, మీకు తెలియను కూడా తెలియదు. ఈలోపు ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే మాత్రం క్లిప్పుల సంగతి ముందే చెప్పండి.

ఏ నొప్పికి ఆస్పత్రికి పరిగెత్తాలి?

పేగుకి రంధ్రం పడడం చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికి కూడా కాకపోవచ్చు. కానీ పడితే ఆలస్యం పనికిరాదు. నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతుంది. పొట్ట చెక్కలా గట్టిపడుతుంది, ముట్టుకుంటే ఓర్చుకోలేరు. దగ్గినా, మంచం కదిలినా నొప్పి. జ్వరం, చలి, వాంతులు తోడవుతాయి. కొందరికి భుజంలో నొప్పి వస్తుంది. పొట్టకీ భుజానికీ సంబంధమేంటి అనిపిస్తుంది గానీ, పేగులోంచి తప్పించుకున్న గాలి ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొరని రాపిడి చేస్తే మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుకుంటుంది, రెండింటి నరాలూ మెడ దగ్గర ఒకేచోట కలుస్తాయి కాబట్టి.

కరెంటుతో పాలిప్ తీసినవాళ్లకి రంధ్రం పడకపోయినా పేగు గోడ లోతుగా కాలి, కొన్ని గంటల నుంచి అయిదు రోజుల్లోపు ఒకచోట నొప్పి, జ్వరం రావచ్చు. ఎక్కువగా ఆపరేషన్ లేకుండానే, పేగుకి విశ్రాంతి ఇచ్చి సెలైన్, యాంటీబయాటిక్‌లతో తగ్గిస్తారు. రెండింటినీ ఇంట్లో కూర్చుని విడదీయలేం. అందుకని జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటి, కడుపునొప్పి కూడా ఉంటే వెళ్లడమే. "గ్యాసేలే" అని సర్దిచెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుంటారు. వాళ్ల మాట ఈ ఒక్కసారికి వినకండి.

ఆపిన మందులు మళ్లీ ఎప్పుడు వేసుకోవాలి?

బీపీ, థైరాయిడ్ లాంటివి చాలావరకు తినడం మొదలవగానే. షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, మీరు నిజంగా ఎంత తింటున్నారన్నదాన్ని బట్టి. సగం తిని పూర్తి మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోతుంది. మొదటి రోజు ఇంకో రెండుసార్లు ఎక్కువ చూసుకోండి.

వార్ఫరిన్, అపిక్సాబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందుల విషయంలో సొంత నిర్ణయం అసలు వద్దు. తొందరపడితే పాలిప్ తీసిన చోట రక్తం, ఆలస్యం చేస్తే గుండెలోనో మెదడులోనో రక్తపు గడ్డ. ఏ తారీఖున మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఏమైనా తీసి ఉంటే ఐబుప్రోఫెన్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి ఈ మాట చెప్పడం అందరూ మరచిపోతారు: విరేచనాలతో మాత్ర ఒంటికి పట్టకపోయి ఉండొచ్చు, ఆ తర్వాత ఏడు రోజులైనా వేరే జాగ్రత్త తీసుకోండి.

పేగులోని మంచి బ్యాక్టీరియా అంతా కొట్టుకుపోయిందా? ప్రోబయోటిక్ కొనాలా?

చాలావరకు కొట్టుకుపోతుంది గానీ అంతా కాదు. పేగు మడతల్లో, జిగురు పొరలో మిగిలినవే మళ్లీ పెరుగుతాయి. ఎక్కువమందిలో సుమారు రెండు వారాల నుంచి నెలలోపు పాత స్థితికి దగ్గరగా వచ్చేస్తాయి. ప్రోబయోటిక్ మాత్రలు, అంటే మంచి బ్యాక్టీరియా ఉన్న మాత్రలు, అందరూ వేసుకోవాల్సినవేం కాదు. నేను డబ్బు పెట్టి కొన్నాను, తేడా ఏమీ తెలియలేదు. పెరుగు, పండ్లు, కూరగాయలు తింటే ఆ బ్యాక్టీరియాకి కావాల్సిన మేత అదే.

కూర్చుంటే మంట. చెప్పుకోలేని చోట.

పరీక్ష వల్ల కన్నా ముందురోజు విరేచనాల వల్లే. కాగితంతో రుద్దడం మానేసి నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. పెట్రోలియం జెల్లీ గానీ జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ రాయండి. టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

డాక్టరు ఏం చెప్పారో గుర్తులేదు. నాకేమైనా అయిందా?

ఏమీ కాలేదు. మిడజోలామ్ లాంటి మత్తుమందు చేసే పనే అది. మా డాక్టరు నాతో పది నిమిషాలు మాట్లాడారట, నేను తలూపుతూ ప్రశ్నలు కూడా అడిగానట. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. వెంట వచ్చిన మనిషి వినాలి, వీలైతే రాసుకోవాలి. 24 గంటలు బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు, ఒంటరిగా ఉండొద్దు. తెలివిగానే ఉన్నామనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

ఉద్యోగం, వ్యాయామం, ప్రయాణం?

ఏమీ తీయకపోతే మర్నాడే ఆఫీసుకి వెళ్లొచ్చు. పాలిప్ తీసి ఉంటే బరువులెత్తడం, జిమ్, పరుగు ఎన్నాళ్లు ఆపాలో డాక్టరునే అడగండి. వారం అని కొందరు, రెండు వారాలని కొందరు అంటారు, పాలిప్ సైజును బట్టి. విమానంలో పైకెళ్లేకొద్దీ పేగులోని గాలి వ్యాకోచిస్తుంది, ఉబ్బరం తగ్గాకే ఎక్కితే మంచిది. పెద్ద పాలిప్ తీశాక రెండు వారాలపాటు, ఆస్పత్రి దగ్గర్లో లేని చోటికి దూరప్రయాణం పెట్టుకోకపోవడమే నయం.

రెండు వారాలు దాటింది. నా కడుపు ఇంకా మునుపటిలా లేదు.

ముందునుంచీ ఐబీఎస్ (పేగులో జబ్బేమీ కనపడకపోయినా తరచూ కడుపునొప్పి, మోషన్‌లో తేడాలు వచ్చే ఇబ్బంది) ఉన్నవాళ్లకి, మలబద్ధకం ఉన్నవాళ్లకి ఇలా జరుగుతుంది. ఖాళీ అయిన పేగు మళ్లీ తన టైమ్ పట్టుకోవడానికి కొంచెం ఎక్కువ రోజులు తీసుకుంటుంది. రోజూ ఒకే వేళకి తినడం, పొద్దున తిన్నాక తొందర లేకుండా బాత్రూమ్‌లో కాసేపు కూర్చోవడం ఉపయోగపడతాయి. తిన్నాక పెద్దపేగు దానంతటదే కదులుతుంది, ఆ వేళని వదులుకోకూడదు.

అయినా నీళ్ల విరేచనాలు ఆగకపోతే, బరువు తగ్గుతుంటే, రాత్రిపూట నొప్పితో మెలకువ వస్తుంటే దాన్ని పరీక్ష ఖాతాలో వేసి ఊరుకోకండి. అసలు ఏ ఇబ్బందితో ఈ పరీక్షకి వెళ్లారో ఆ ఇబ్బందే ఇంకా ఉండి ఉండొచ్చు. బయాప్సీ రిపోర్టు ఈపాటికి వచ్చే ఉంటుంది. వాళ్లు ఫోన్ చేస్తారని ఎదురుచూడకుండా మీరే వెళ్లి తెచ్చుకుని, ఈ రెండు వారాల్లో ఏ రోజు ఏమైందో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి.